తమ్ముడు వెళ్లొచ్చిన ఊరికే అక్క వెళ్తానంటే...

ప్రశ్న: నా వయసు 41. హనుమకొండలో ఒక ప్రభుత్వరంగ బ్యాంకులో పనిచేస్తున్నాను. విడాకులై ఆరేళ్లయింది. పిల్లలు లేరు. అమ్మా నేనూ ఉంటాం. నలుగురు స్నేహితురాళ్లం కలిసి బ్యాంకాక్ వెళ్దామనుకున్నాం. తీరా టికెట్లు కొనే రోజుకి ఒకరి పిల్లాడికి పరీక్షలు, ఒకరి అత్తగారికి ఒంట్లో బాగోలేదు, మూడో ఆవిడకి ఇంట్లో ఒప్పుకోలేదు. నేను మాత్రం కొనేశాను. అయిదు రోజులు, ఒక్కదాన్నే. విన్నప్పటి నుంచి అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు. తమ్ముడు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, 'ఆడది ఒక్కతే బ్యాంకాక్ వెళ్లిందంటే నలుగురూ ఏమనుకుంటారు?' అన్నాడు. రెండేళ్ల కింద వాడు ఫ్రెండ్స్‌తో అక్కడికే వెళ్లొచ్చాడు. చెన్నైలో ఆఫీసు ట్రైనింగ్ అని చెప్పి వెళ్లిపోదామా అనిపిస్తోంది. నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. వెళ్లనా, మాననా? ఇంకో చిన్న సందేహం, అక్కడికి చీరలు పట్టుకెళ్లొచ్చా?

జవాబు:

వెళ్లండి. చెన్నై పేరు చెప్పి మాత్రం వెళ్లకండి.

ఆ అబద్ధం నిలవదు. మీది బ్యాంకు ఉద్యోగం. విదేశానికి వెళ్లేముందు ఆఫీసుకి చెప్పి, అనుమతి కాగితం తీసుకోవాల్సిందే. అంటే బ్రాంచిలో పదిమందికి తెలుస్తుంది. కౌంటర్ దగ్గరికి వచ్చే మీ వీధివాళ్లలో ఎవరో ఒకరు 'మేడమ్ బ్యాంకాక్ వెళ్లారట కదా' అని మీ అమ్మగారిని అడగడానికి రెండు రోజులు పట్టదు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. అక్కడ మీ ఫోన్ పోయిందనుకోండి, మెట్ల మీద కాలు బెణికి ఆస్పత్రికి వెళ్లారనుకోండి. మీ కోసం కదలాల్సిన ఇద్దరూ మీరు చెన్నైలో ఉన్నారనుకుని నిశ్చింతగా ఉంటారు. ఒంటరిగా ప్రయాణం చేసే ఆడమనిషికి మొదటి రక్షణ, తను ఎక్కడుందో ఇంట్లో ఒకరికి కచ్చితంగా తెలియడం. దాన్ని చేతులారా పోగొట్టుకోవద్దు.

41 ఏళ్ల మీరు ఇంట్లో పర్మిషన్ అడగక్కర్లేదు, చెప్పి వెళ్తే చాలు. తేడా మాటతీరులోనే తెలుస్తుంది. 'వెళ్లొచ్చా అమ్మా?' అంటే కాదనే హక్కు వాళ్ల చేతికి వెళ్తుంది. 'ఫలానా రోజు బయల్దేరుతున్నా, ఫలానా పొద్దున ఇంట్లో ఉంటా, హోటల్ పేరు ఇదిగో' అంటే అది కబురు. కబురు విని అలగొచ్చు, ఏడవొచ్చు. రద్దు చేయడం కష్టం.

ఇక అమ్మగారి సంగతి. ఆవిడ గురించి ఒక్క వాక్యం రాసి మీరు తమ్ముడి మీదికి వెళ్లిపోయారు. నాకు ఆ వాక్యం దగ్గరే ఆగాలనిపించింది. ఆవిడ అన్నం సహించకపోవడం బ్యాంకాక్ గురించేనా? ఈ ఆరేళ్లలో ఆ ఇంట్లో ఆవిడ ఒక్కరే పడుకున్న రాత్రులు ఎన్ని? పెద్దవాళ్లు 'నాకు భయంగా ఉంది' అనరు, 'నీకేమవుతుందో' అంటారు. ఊరి మాట ఎత్తకుండా, పక్కన కూర్చుని, 'ఆ అయిదు రోజులూ నీకు ఎవరు తోడుంటే బాగుంటుందమ్మా?' అని అడిగి చూడండి. పిన్నినో మేనత్తనో పిలిపించండి. మాత్రలు ఏ రోజువి ఆ రోజుకి డబ్బాలో సర్దిపెట్టండి. విదేశం దగ్గర మొదలైన గొడవ, చివరికి 'సిలిండర్ అయిపోతే ఎవరు మారుస్తారు' దగ్గర తేలిపోవడం నేను చాలాసార్లు చూశాను.

ఆవిడ భయంలో టీవీ వాటా కూడా ఉండొచ్చు. ఉద్యోగమని ఆశపెట్టి బ్యాంకాక్ రప్పించి, అక్కడి నుంచి సరిహద్దు దాటించి, మయన్మార్‌లో సైబర్ మోసాలు చేయించే ముఠాలకు అప్పగించడం నిజంగానే జరిగింది. 2025 మార్చిలో మన ప్రభుత్వం వాయుసేన విమానాలు పంపి వందల మందిని వెనక్కి తెచ్చింది, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. అందుకని 'అదంతా ఉత్తిదే' అని కొట్టిపారేయకండి. వాళ్లు వెళ్లింది ఎవరో చూపించిన ఉద్యోగానికి, ఎవరో పంపిన కారెక్కి. మీ తిరుగు టికెట్ మీ దగ్గరుంది, హోటల్ మీరు బుక్ చేసుకునేది, కారు మీరు పిలుచుకునేది. ఈ తేడా చెబితే అమ్మకి అర్థమవుతుంది.

ఒక ఫొటో కూడా చూపించండి. బ్యాంకాక్ పెద్ద విమానాశ్రయం పేరు సువర్ణభూమి. లోపల క్షీరసాగర మథనం బొమ్మ ఉంటుంది, అటు రాక్షసులు, ఇటు దేవతలు, మధ్యలో వాసుకి, పైన విష్ణుమూర్తి. రాజభవనం ఆవరణలో ఉన్న బుద్ధాలయం చుట్టూ వసారా గోడల మీద 178 పెద్ద చిత్రాల్లో రామాయణమంతా గీశారు. వాళ్లు రామకియెన్ అంటారు. నడిబొడ్డున, షాపింగ్ మాల్స్ మధ్య, నాలుగు ముఖాల బ్రహ్మకి రోజూ పూలదండలు పడుతూనే ఉంటాయి. బ్రహ్మకి గుడి మన దగ్గర ఎంత అరుదో అమ్మగారికి మీకన్నా బాగా తెలుసు. 'సరే, అక్కడ నా పేరున కూడా దణ్ణం పెట్టుకో' అన్నారంటే సగం పని అయినట్టే.

తమ్ముడి భయం వేరు. 'నలుగురూ ఏమనుకుంటారు' అన్న నలుగురిలో మొదటివాడు తనే. మగవాళ్లు నవ్వుకుంటూ 'బ్యాంకాక్' అన్నప్పుడు వాళ్ల మనసులో ఉండేది పట్‌పాంగ్, నానా లాంటి, రాత్రి బార్లుండే నాలుగు సందులు. అక్కడ కోటిమంది పొద్దున్నే లేచి ఆఫీసులకీ బడులకీ వెళ్లే సంగతి ఆ నవ్వులో ఉండదు. 'నువ్వు వెళ్లలేదేంట్రా?' అని అడగాలని మీకు నోటి చివరిదాకా వచ్చే ఉంటుంది. అడిగితే ఒక్క నిమిషం బాగుంటుంది, తర్వాత ఆర్నెల్లు మాటలుండవు. దానికి బదులు తనకో పని అప్పజెప్పండి. పాస్‌పోర్ట్ కాపీ, టికెట్, హోటల్ అడ్రస్, ట్రావెల్ ఇన్సూరెన్స్ తనకి పంపి, 'ఏదైనా అవసరమైతే నీకే ఫోన్ వస్తుంది, ఎత్తు' అనండి. 'ఎయిర్‌పోర్ట్‌లో సిమ్ ఎక్కడ కొన్నావు?' అని అడగండి. ఊరు తెలిసినవాడు కదా, చెప్పకుండా ఉండలేడు.

మీకూ భయంగా ఉందన్నారు. ఊరు తెలియకపోతే ఎవరికైనా ఉంటుంది. తెలిసినకొద్దీ తగ్గుతుంది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

2024 జులైలో మనవాళ్లకి వీసా అక్కర్లేదన్నారు. కానీ ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి, బయల్దేరే ముందు థాయ్ ఎంబసీ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి. 2025 మే నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు, పైసా ఖర్చు లేదు. డబ్బు అడిగే సైటు కనిపిస్తే అది దొంగది. మీరు కొన్న టికెట్ పగటిపూట దిగే విమానానిదైతే మంచిది. కొత్త ఊళ్లో మొదటి గంట వెలుతురులో గడిస్తే మిగతా రోజులు వాటంతటవే తేలికవుతాయి. హోటల్ మెట్రో స్టేషన్‌కి నడిచివెళ్లే దూరంలో ఉండాలి. అక్కడ స్తంభాల మీద నడిచే మెట్రోల్లో ముఖ్యమైనది బీటీఎస్, అర్ధరాత్రి దాకా నడుస్తుంది. సువర్ణభూమి నుంచి ఊళ్లోకి రైలుంది, అరగంటలో ఫయా థాయ్ స్టేషన్‌లో దింపుతుంది, టికెట్ 45 బాత్‌లు (అక్కడి డబ్బు) దాటదు. ట్యాక్సీ అయితే మీటరు వేయమనండి. వేయనంటే దిగిపోండి, మొహమాటపడకండి. మన ఓలా లాంటి గ్రాబ్ యాప్‌లో పిలిస్తే ఎక్కేముందు నంబర్ ప్లేట్ సరిచూసుకోండి.

ఆ ఊళ్లో మోసం కేకలు వేస్తూ రాదు, నవ్వుతూ వస్తుంది. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ పడ్డాను. రాజభవనం గోడ పక్కన, ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకాయన ఎదురై, 'ఇవాళ పూజ ఉంది, మధ్యాహ్నం దాకా మూసేశారు, ఈలోగా వేరే గుళ్లు చూసి రండి' అని చాలా మర్యాదగా చెప్పాడు. చెయ్యి ఊపితే టుక్‌టుక్, అంటే అక్కడి ఆటో, వచ్చి ఆగింది. ఒక గుడి చూపించాక అది తిన్నగా వెళ్లి ఆగింది నగల దుకాణం ముందు. నేను నీలాలు కొనలేదు కానీ, అందులోంచి బయటపడటానికి గంట పట్టింది. ఆ గంటలో నాకు ఏ ప్రమాదమూ జరగలేదు. 'ఇంత చదువుకుని ఎలా నమ్మాను' అన్న చిన్నతనం మాత్రం రెండు రోజులు వదల్లేదు. మీకూ ఇలాంటిది ఒకటి జరగొచ్చు. జరిగితే రాత్రి తమ్ముడికి ఫోన్ చేసి నవ్వుతూ చెప్పండి, దాచుకోకండి. రాజభవనం మూసేశారని ఎవరన్నా సరే, గేటు దాకా నడిచి మీ కళ్లతో చూసుకోండి.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సింది తిరుగు ప్రయాణం గురించి. చెక్-ఇన్ లైన్లో వెనక నుంచి చక్కని తెలుగు వినిపిస్తుంది. 'అక్కా, మాది విజయవాడ. లగేజీ రెండు కేజీలు ఎక్కువైంది, ఈ చిన్న బ్యాగు మీ దాంట్లో వేసుకుంటారా? హైదరాబాద్‌లో తీసుకుంటాం.' పరాయి దేశంలో తెలుగు వింటే మనసు కరుగుతుంది. వద్దనండి. బ్యాంకాక్ నుంచి వచ్చిన సామానులో గంజాయి దొరికిన కేసులు శంషాబాద్‌లో ఎన్నో. బ్యాగు ఎవరి పేరున ఉంటే కేసు వాళ్ల మీదే. బిస్కెట్ ప్యాకెట్ అన్నా సరే, వద్దనే అనండి.

ఒక్కదాన్నే కూర్చుని తినడం ఎలా అన్న బెరుకు చాలామందికి ఉంటుంది, పైకి చెప్పరు. అసోక్ స్టేషన్ పక్కన టర్మినల్ 21 అనే మాల్‌లో అయిదో అంతస్తు ఫుడ్‌కోర్ట్‌కి వెళ్లండి. డబ్బు కట్టి కార్డు తీసుకోవడం, నచ్చిన స్టాల్ దగ్గర ప్లేటు తెచ్చుకోవడం, మిగిలింది వెనక్కి తీసుకోవడం. చుట్టూ సగం మంది ఒంటరిగానే తింటూ ఉంటారు. మీరు శాకాహారులైతే 'జే' అన్న మాట నేర్చుకోండి. మాంసం, చేపలు, గుడ్లు, ఉల్లి, వెల్లుల్లి లేని వంట అది. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది. ఉత్త కూరగాయలన్న దాంట్లో కూడా చేపల సాస్ పోయడం వాళ్లకి మనం తాలింపు వేసినంత మామూలు. పప్పూ రొట్టే కావాలనిపిస్తే పహురత్‌లో మన బజారే ఉంది.

మసాజ్ అన్నమాట వినగానే ఇక్కడ ముసిముసి నవ్వులు నవ్వుతారు. నిజానికి థాయ్ మసాజ్ పెద్ద విద్య, 2019లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. 46 మీటర్ల శయన బుద్ధుడున్న వాట్ ఫో గుడి ఆవరణలోనే దాన్ని నేర్పే బడి ఉంది. అక్కడ ఒంటి మీద బట్టలతోనే చేస్తారు. రోజంతా బ్యాంకు కుర్చీలో కూర్చునే నడుముకి అంతకన్నా ఏం కావాలి?

బౌద్ధ భిక్షువులని ఆడవాళ్లు తాకకూడదు, రైల్లో వాళ్ల పక్క సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకండి. టూరిస్ట్ పోలీస్ నంబర్ 1155, ఇంగ్లిష్‌లో మాట్లాడతారు. మన ఎంబసీ సుఖుంవిత్ రోడ్డు 23వ సందులో ఉంది. ఈ రెండూ ఫోన్లోనే కాదు, కాగితం మీద కూడా రాసుకోండి. హోటల్ కార్డు ఒకటి పర్సులో ఉండాలి, దాని మీద అడ్రస్ థాయ్ లిపిలో ఉంటుంది, డ్రైవర్‌కి అదే పనికొస్తుంది.

ఇంటికి రోజుకొక ఫోన్ చాలు. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే ఇక్కడ ఏడు. ఆ టైమ్ ఖాయం చేసుకోండి. గంట ఆలస్యమైతే కంగారుపడొద్దని, మెసేజ్ పెట్టి ఆగమని ముందే చెప్పండి. పూటపూటకీ వీడియో కాల్ అని ఒప్పుకున్నారంటే మీరు ఊరు చూసినట్టుండదు, అమ్మని మోసుకుని తిరిగినట్టుంటుంది.

రెండో రోజో మూడో రోజో సాయంత్రం, హోటల్ గదిలో తలుపు వేసుకోగానే మనసు బరువెక్కొచ్చు. పాత సంగతులు గుర్తొస్తాయి, 'ఎందుకొచ్చాను' అనిపిస్తుంది. ఒంటరిగా వెళ్లిన చాలామందికి ఇలా అవుతుంది. ఆ రాత్రి టికెట్ మార్చుకోకండి, ఎవరికీ పెద్ద మెసేజ్‌లు రాయకండి. కిందికి దిగి, దీపాలున్న వీధిలో ఓ ప్లేటు మామిడిపండు, కొబ్బరిపాల బంకన్నం తిని పడుకోండి. పొద్దున మళ్లీ చూసుకోవచ్చు.

చీరలు అడిగారు కదా. ఒకటి పట్టుకెళ్లండి, ఫొటోలకి బాగుంటుంది. రాజభవనంలోనూ పెద్ద గుళ్లలోనూ భుజాలూ మోకాళ్లూ కప్పుకోవాలి, చేతుల్లేని జాకెట్టయితే లోపలికి రానివ్వరు. మిగతా రోజులకి చుడీదార్లే హాయి. ముఖ్యంగా చావో ఫ్రాయా నది మీద బోటెక్కే రోజు చీర వద్దు. బోటు రేవు దగ్గర అర నిమిషం కూడా సరిగ్గా ఆగదు. వెనక నిలబడ్డ మనిషి ఈల వేస్తూనే ఉంటాడు, బోటు పైకీ కిందికీ ఊగుతుంటుంది, ఆ సందులో ఒక్క అంగలో లోపలికి దూకాలి. కుచ్చిళ్లు పట్టుకుని ఆలోచిస్తూ నిలబడితే అది వెళ్లిపోతుంది. వెళ్లిపోయినా ఫర్వాలేదు, కాసేపటికి ఇంకోటి వస్తుంది.