సుంకాలు ఎత్తేస్తే చాలు, పొరుగు దేశాల మధ్య వ్యాపారం పెరుగుతుందా?

సుంకాలు ఎత్తేసినంత మాత్రాన పెరగదు. సరుకు సరిహద్దు దాటడం తేలికైతేనే పెరుగుతుంది. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో సుంకం కంటే ఆలస్యమే ఎక్కువ భారం. లారీ ఒక్కో సరిహద్దులో రోజుల తరబడి ఆగితే డ్రైవర్ జీతం, లారీ అద్దె, పాడైపోయే సరుకు అన్నీ కలిసి ధరలోకే ఎక్కుతాయి. పైగా పొరుగు దేశాలు చాలావరకు ఒకే రకం పంటలు, ఖనిజాలు అమ్ముతాయి కాబట్టి ఒకరి దగ్గర ఒకరు కొనేది తక్కువ. ఇది అంత త్వరగా మారదు.

కెన్యా, ఉగాండా వంటి దేశాల కూటమి అయిన తూర్పు ఆఫ్రికా సమాజాన్నే చూడండి. 2005లోనే అక్కడ కస్టమ్స్ యూనియన్, అంటే సభ్యదేశాల మధ్య సుంకాలు ఎత్తేసి బయటి సరుకుపై అందరూ ఒకే సుంకం వేసే ఏర్పాటు, మొదలైంది. అయినా కెన్యాలోని మొంబాసా రేవు నుంచి ఉగాండా రాజధాని కంపాలాకు సరుకు చేరడానికి రెండు వారాలకు పైనే పట్టేది. 2014 నుంచి పన్నులు, తనిఖీలు రేవులోనే పూర్తిచేసే పద్ధతి వచ్చాక అది కొద్ది రోజులకు తగ్గింది. అసలు మార్పు అదీ!

ఇలాంటి కూటమి అంటే ప్రపంచానికి తలుపులు మూసుకోవడమే అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలే వీటిని అనుమతిస్తాయి. సభ్యదేశాలు బయటి దేశాలతో వ్యాపారం మానేయవు.