పంటు దాటవలసింది ఎవరు?

ప్రశ్న: అయ్యా, మాది కోనసీమలో ఒక లంక గ్రామం. వశిష్ఠ గోదావరికి అవతల, పశ్చిమ గోదావరి జిల్లాలో రొయ్యల చెరువు కౌలుకు తీసుకున్నాను. గత నెల ఒక రాత్రి చెరువు నీటికి గాలి అందించే నాలుగు ఏరియేటర్ల మోటార్లు విప్పుకుపోయారు. ఇవతలి ఒడ్డున స్టేషనుకు వెళితే, చెరువు తమ హద్దులో లేదని, పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) దాటి అవతలి స్టేషనులో చెప్పుకోమన్నారు. నా ఫిర్యాదు రాసుకునే బాధ్యత వారికి లేదా?
— ఒక కౌలు రైతు

జవాబు: ఉంది. 2024 జులై 1న అమలులోకి వచ్చిన నేర విచారణ విధాన చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 173వ సెక్షను ప్రకారం, కాగ్నిజబుల్ నేరం, అంటే పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల నేరం, ఎక్కడ జరిగినా ఆ సమాచారాన్ని ఏ స్టేషనులోనైనా ఇవ్వవచ్చు. అలా నమోదు చేసేదే జీరో ఎఫ్‌ఐఆర్. దానిని హద్దు గల స్టేషనుకు పంపడం పోలీసుల పని. గోదావరి దాటవలసింది ఆ కాగితం గాని మీరు కాదు. ఇటువంటి నేరాలలో ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లోనే లలితా కుమారి కేసులో చెప్పింది.

అయితే చోరీ విషయంలో రెండు సంగతులు గమనించాలి. పోయిన సొత్తు విలువ రూ.5,000 లోపయితే మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. అందుచేత మోటార్ల బిల్లులు జతచేసి, విలువ స్పష్టంగా రాయండి. చోరీకి మూడేళ్ల వరకు శిక్ష ఉన్నందున, డీఎస్పీ అనుమతితో ముందుగా ప్రాథమిక విచారణ జరిపే వెసులుబాటు కూడా పోలీసులకు ఉంది, కాని దానిని 14 రోజులలో ముగించాలి.

చాలామంది అర్జీ నకలు మీద స్టేషను ముద్ర వేయించుకొని, కేసు కట్టారనుకొని ఇంటికి వచ్చేస్తారు. ఆ ముద్ర ఎఫ్‌ఐఆర్ కాదు. ఎఫ్‌ఐఆర్‌కు నంబరు, సంవత్సరం, సెక్షన్లు ఉంటాయి, దాని ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. తీర్థాల బందోబస్తు రోజులలో స్టేషను సిబ్బంది పడే అవస్థ నేను ఎరుగుదును. వెతికినా సొత్తు దొరకకపోతే వారిని తప్పుపట్టను. ఫిర్యాదే రాసుకోకపోవడాన్ని మాత్రం ఏ పనిభారమూ సమర్థించలేదు.

మళ్లీ నిరాకరిస్తే ఫిర్యాదు సారాంశాన్ని జిల్లా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపండి. అక్కడా కదలిక లేకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఎస్పీకి రాసినట్టు అప్పుడు చూపవలసి వస్తుంది గనుక, ఉత్తరం నకలును, పోస్టాఫీసు రసీదును జాగ్రత్తపరచండి.