డాక్టర్ సలహా: పేదవాళ్లకు క్యాన్సర్ వస్తే ఇక అంతేనా?

ప్రశ్న: మా అమ్మకు 48 ఏళ్లు. ఇళ్లలో పని చేస్తుంది. రొమ్ములో గడ్డ ఉన్నా, నొప్పి లేదని నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. అమెరికాలో కూడా నల్లజాతి ఆడవాళ్లే దీంతో ఎక్కువగా చనిపోతారట. అంతా రక్తంలోనే ఉంటుందని, మనలాంటి వాళ్లు ఎంత ఖర్చు పెట్టినా దండగని బంధువులు అంటున్నారు. నిజమేనా డాక్టర్ గారూ?
- ఒక పాఠకురాలు, బోరబండ, హైదరాబాద్

జవాబు: లెక్క నిజమే, దానికి చెబుతున్న కారణమే తప్పు. అమెరికాలో తెల్లజాతి మహిళల కంటే నల్లజాతి మహిళలకు రొమ్ము క్యాన్సర్ కాస్త తక్కువగానే వస్తుంది. మరణాల రేటు మాత్రం దాదాపు 40 శాతం ఎక్కువ. హార్మోన్ మాత్రలు పనిచేయని ‘ట్రిపుల్ నెగెటివ్’ రకం వాళ్లలో సుమారు రెట్టింపు కనిపిస్తుంది, అదొక కారణం. అయితే మాత్రలకు బాగా లొంగే రకంలోనూ ఆ తేడా ఉంది. అలాంటప్పుడు రక్తాన్ని నిందించి ఏం లాభం? ఇన్సూరెన్స్ లేకపోవడం, జబ్బు ఆలస్యంగా బయటపడటం, చికిత్స మధ్యలో ఆగిపోవడం... చాలావరకు వీటి పనే.

2010-14 మధ్య జబ్బు బయటపడిన వాళ్లలో ఐదేళ్ల తర్వాత కూడా బతికున్నవారు అమెరికాలో దాదాపు 90 శాతం, మన దేశంలో 66 శాతం. మన దగ్గర చాలామంది గడ్డ ముదిరాకే వస్తారు. ఇంకో సంగతి. మందు కొనలేక ఆగిపోయేవాళ్ల కంటే, కూలి పోతుందని కీమో వాయిదా వేసుకునేవాళ్లనే నేను ఎక్కువగా చూస్తుంటాను. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది, మంచిదే. కానీ ఆటో చార్జీ, పోయిన రోజు జీతం ఎవరిస్తారు?

ఇక మీ పని. రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ రిపోర్టు పట్టుకుని ఈ వారంలోనే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, నిమ్స్‌కో వెళ్లండి. ఆరోగ్యశ్రీ సంగతి అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి. రిపోర్టులో ఈఆర్, పీఆర్ (గడ్డ హార్మోన్లకు స్పందిస్తుందో లేదో చెప్పేవి), హెర్-2 (గడ్డను పెంచే ఒక ప్రోటీన్) ఫలితాలు ఉన్నాయేమో చూడండి. లేకపోతే సాధారణంగా మళ్లీ సూది గుచ్చాల్సిన పని ఉండదు. తీసిన ముక్కను ల్యాబ్‌లో చిన్న మైనపు బ్లాక్‌లో దాచి, దానిపై నంబరు వేస్తారు. ఆ బ్లాక్ అడిగి తీసుకోండి, దానిమీదే ఈ పరీక్షలు చేస్తారు. ఏ మందులు వాడాలన్నది చాలావరకు ఆ మూడు ఫలితాలను బట్టి ఉంటుంది. హార్మోన్ మాత్రలు రాస్తే కనీసం ఐదేళ్లు వేసుకోవాలి. ‘ఒంట్లో బాగానే ఉంది కదా’ అని ఏడాదికే మానేసేవాళ్లు ఎందరో.

అమ్మ పనిచేసే ఇళ్లలో ఇప్పుడే చెప్పి ఉంచండి. కీమో మొదలైతే మామూలుగా రెండు, మూడు వారాలకోసారి ఉంటుంది, ఆ తర్వాత కొన్ని రోజులు నీరసం. ఆ రోజులకు బదులు మనిషిని ముందే మాట్లాడుకుంటే అమ్మకు టెన్షన్ ఉండదు, కీమో వాయిదా పడదు. ఆ సమయంలో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఇంట్లో మాత్ర వేసి చూద్దాం అనుకోవద్దు. అర్ధరాత్రయినా సరే, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.