టెక్ సందేహాలు: రీసెట్ చేశాక పేర్లన్నీ ఎటు పోయాయి?

ప్రశ్న: మా డిగ్రీ కాలేజీ ల్యాబుల్లోని 60 ల్యాప్‌టాప్‌లను మైక్రోసాఫ్ట్ ఇన్‌ట్యూన్‌తో (కంప్యూటర్లన్నిటినీ ఒక్కచోటి నుంచి నిర్వహించే సర్వీసు) చూసుకుంటున్నాం. వేసవి సెలవుల్లో అన్నీ రీసెట్ చేసి మళ్లీ అందులో ఎన్‌రోల్ (నమోదు) చేశాం. డ్యాష్‌బోర్డులో ‘ల్యాబ్2-14’ లాంటి పేర్లు పోయి, అన్నిటికీ ‘డెస్క్‌టాప్’ పక్కన ఏవో అక్షరాలు కనిపిస్తున్నాయి. పాతవి తిరిగొస్తాయా?

జవాబు: వాటంతట అవి రావు. రీసెట్ చేయగానే విండోస్‌లోని పేరు చెరిగిపోతుంది. ఆపైన విండోస్ ‘డెస్క్‌టాప్’కు ఓ 7 అక్షరాలు తగిలించి సొంతంగా పేరు పెట్టేస్తుంది. మళ్లీ ఎన్‌రోల్ చేస్తే ఇన్‌ట్యూన్ మామూలుగా కొత్త రికార్డు తెరుస్తుంది. దాంతో మేనేజ్‌మెంట్ నేమ్ (ఇన్‌ట్యూన్‌లో మాత్రమే కనిపించే పేరు), డివైస్ కేటగిరీ లాంటివి కూడా పాత రికార్డుతోనే పోతాయి. ఎన్నిసార్లు రీసెట్ కొట్టినా మారనిది సీరియల్ నంబరే.

ముందు ‘ఆల్ డివైసెస్’ పేజీలో సీరియల్ నంబర్ కాలమ్ కనిపించేలా పెట్టుకుని, జాబితాను ఎక్స్‌పోర్ట్ చేయండి. తర్వాత కాలేజీ స్టాక్ రిజిస్టరు తీయండి. అందులో సీరియల్ నంబరు పక్కన ల్యాబ్ నంబరు కూడా రాసి ఉంటే సగం పని అయినట్టే, ఎక్సెల్‌లో వీ-లుకప్ అనే ఫార్ములాతో జత చేసేయొచ్చు. (ఆడిట్ వాళ్ల కోసం విసుక్కుంటూ రాసే ఆ రిజిస్టరు ఇలాంటప్పుడే అక్కరకొస్తుంది.) రాసి లేకపోతే ఒక్కో ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కరు చూసుకోవాల్సిందే. 60 మిషన్లే కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

ఇంకో మాట. అదే సీరియల్ నంబరుతో పాత ఎంట్రీ మిగిలి ఉందేమో వెతకండి. దాని చివరి చెక్-ఇన్ (ఇన్‌ట్యూన్‌ను సంప్రదించిన) తేదీ పాతదై ఉంటుంది. డూప్లికేట్ అని డిలీట్ చేసేముందు అందులోని పేరు రాసుకోండి.

పేరు మార్చాలంటే ఆ డివైస్ తెరిచి ‘రీనేమ్’ నొక్కాలి. రీస్టార్ట్ అయ్యాకే మారుతుంది. ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్ మాత్రమే వాడాలి, మొత్తం 15 దాటకూడదు.

వచ్చే వేసవికి ఈ తిప్పలు వద్దనుకుంటే ల్యాప్‌టాప్‌లను ఆటోపైలట్‌లో (విండోస్ సెటప్‌ను దానంతటదే చేసే మైక్రోసాఫ్ట్ సర్వీసు) రిజిస్టర్ చేయించండి. ప్రొఫైల్‌లోని నేమ్ టెంప్లేట్‌లో ‘ల్యాబ్’, హైఫన్, ఆపైన రెండు పర్సెంట్ గుర్తుల మధ్య ‘సీరియల్’ అని ఇంగ్లిష్‌లో ఇస్తే, ఆ చోట ఒక్కో మిషన్ సీరియల్ నంబరు చేరి, ఎన్నిసార్లు రీసెట్ చేసినా అదే పేరు వస్తుంది. ఏ బల్ల మీద ఏది ఉందన్న లెక్క మాత్రం ఎక్సెల్‌లోనే ఉంచుకోండి. బల్లలు మారుతూనే ఉంటాయి, వాటి నంబర్లను పేర్లలో ఇరికించడం నాకు నచ్చదు.

ప్రశ్న: వైఫై రూటర్ యాప్‌లో ఇంట్లో ఫోన్లకు పేర్లు పెట్టాను. కొన్ని మళ్లీ ‘అన్‌నోన్ డివైస్’ అని వస్తున్నాయి. ఎవరైనా మా వైఫై వాడుతున్నారా?

జవాబు: చాలావరకు మీ ఫోన్లే అయ్యుంటాయి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్‌కు (నెట్‌వర్క్‌లో ఫోన్‌ను గుర్తుపట్టే నంబరు) బదులు ఉత్తుత్తిది చూపిస్తున్నాయి. అది మారితే రూటర్‌కు కొత్త ఫోనే. మీ ఇంటి వైఫై సెట్టింగ్స్‌లో, ఆండ్రాయిడ్‌లో అయితే ‘ప్రైవసీ’ కింద డివైస్ మ్యాక్ ఎంచుకోండి, ఐఫోన్‌లో అయితే ‘ప్రైవేట్ వైఫై అడ్రస్’ ఆపేయండి. తర్వాత కూడా గుర్తుపట్టలేనిది మిగిలితే పాస్‌వర్డ్ మార్చేయండి.