డాక్టర్ మైల్డ్ అన్నారు, నాకేమో నిద్ర లేదు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఆరేళ్లుగా సొరియాసిస్. అరచేతుల్లో, తలలో, ఇంకా చెప్పుకోలేని చోట మచ్చలున్నాయి. డాక్టర్ చేతులు చూసి ‘మైల్డే’ అన్నారు. అప్పట్నుంచి మావారు ‘నువ్వే ఎక్కువ చేస్తున్నావ్’ అంటున్నారు. నిజంగా నేనే పెద్దది చేసుకుంటున్నానా?

జవాబు: లేదండీ. డాక్టర్ కొలిచింది ఒకటి, మీరు మోస్తున్నది మరొకటి. వేళ్లతో సహా మీ అరచేయి ఒంటి చర్మంలో దాదాపు 1 శాతం. రెండు అరచేతులూ నిండా ఉన్నా 2 శాతమే. సాధారణంగా 10 శాతం దాటితేనే తీవ్రం అంటారు. సొరియాసిస్ తీవ్రతను కొలిచే ‘పాసి’ అనే స్కోరులోనూ ఎరుపు, మందం, పొలుసులు, మచ్చలు పరుచుకున్న మేర మాత్రమే ఉంటాయి. దురదకూ నిద్రకూ ఒక్క మార్కూ లేదు. చర్మం నలుపైతే ఎరుపు ఊదాగా కనబడి, ఆ మార్కూ తగ్గిపోతుంది.

అందుకే ముఖం, తల, అరచేతులు, అరికాళ్లు, గోళ్లు, జననాంగాల దగ్గర వచ్చినప్పుడు నిపుణులు శాతాల దగ్గరే ఆగిపోరు. పూత మందులు చాలకపోతే మాత్రలు, ఇంజెక్షన్ల గురించి కూడా ఆలోచిస్తారు. ఆ ‘చెప్పుకోలేని చోటు’ సంగతి డాక్టర్‌కు చెప్పారా? చూడని మచ్చ లెక్కలోకి రాదు.

ఈసారి వెళ్లేముందు వారం రోజులు రాత్రి దురదకు 0 నుంచి 10 వరకు మార్కు వేసుకోండి, ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో రాయండి. చర్మవ్యాధి రోజువారీ జీవితాన్ని ఎంత ఇబ్బంది పెడుతోందో కొలిచే ‘డీఎల్‌క్యూఐ’ ప్రశ్నావళి అడిగి నింపండి: 10 ప్రశ్నలు, గత వారం గురించి, మొత్తం 30 మార్కులు. 10 దాటితే జీవితం మీద ప్రభావం చాలా ఎక్కువన్నట్టు. ఇందులో ఓ చిక్కుంది. ‘వర్తించదు’ అన్న జవాబుకు సున్నా పడుతుంది. మచ్చల వల్లే ఆటలు, దాంపత్యం మానుకున్నవాళ్లు అక్కడ టిక్ పెట్టేసి, బాధ లేనివాళ్లలా తేలతారు. మీరు మానుకున్నవన్నీ విడిగా రాసివ్వండి. పొద్దున్నే కీళ్లు అరగంటకు మించి బిగుసుకుపోతున్నా, వేలు వాచినా అదీ చెప్పాలి. అది కీళ్లకు పాకిన సొరియాసిస్ కావచ్చు.

మీవారితో ‘ఎంత తీవ్రం’ అన్న వాదన పెట్టుకోకండి, తెగదు. ఆ వారం కాగితం ఆయన చేతిలో పెట్టండి. డాక్టర్ దగ్గరికి వెంట రమ్మనండి. ఇది అంటుకోదన్న మాట ఆయన అక్కడే వినడం మంచిది. తలకు మందు పాయలు తీసి మాడుకు రాయాలి, సొంతంగా కష్టం. ఆ పని ఆయనకివ్వండి.

దిగులు రెండు వారాలకు మించి వదలకపోతే చర్మం మందుతో పాటు దానికీ చికిత్స అడగండి. బతకాలనిపించకపోతే మాత్రం ఆ రోజే, ఎవరికైనా సరే, చెప్పండి.