పాప ఉయ్యాల పక్కన వైఫై రౌటర్ ఉంటే

అక్కా, మిర్యాలగూడలో మీ రెండు గదుల ఇంట్ల పాప ఉయ్యాల పక్కనే రౌటర్ ఉందని రాసిండ్రు. గాబరా పడకుండ్రి, దానివల్ల జబ్బొస్తదని రుజువేం లేదు. అయినా మనసు కుదుటపడాలంటే ముందుగదిలకు జరపుండ్రి. దూరం రెట్టింపైతే తరంగాల తీవ్రత దాదాపు నాలుగో వంతుకు పడిపోతది.

నన్నడిగితే ముందు తీయాల్సింది దిండు కింది ఫోన్. ఒంటికి ఆనుకునేది అదే కదా! సిగ్నల్ ఒక్క గీతే ఉన్నప్పుడు టవర్‌ను అందుకోనీకి ఫోన్ ఎక్కువ శక్తి వాడుతది. అప్పుడు స్పీకర్ పెట్టుండ్రి, లేకుంటే సిగ్నల్ బాగున్న దర్వాజ కాడికొచ్చి మాట్లాడుండ్రి. *#07# కొడితే చాలా ఫోన్లల్ల సార్ (SAR) విలువ కనబడతది, అంటే ఫోన్ తరంగాల శక్తిని మన ఒళ్లు ఎంత పీల్చుకుంటదో చెప్పే లెక్క. మన దేశంల దాని పరిమితి ఒంటి కండ కిలోకు 1.6 వాట్లు.

రేడియేషన్ ఆపుతయని ఫోన్‌కు అంటించే స్టిక్కర్లు మాత్రం కొనకుండ్రి, పైసలు దండుగ.