బోస్ఫరస్‌లో నీరు నల్ల సముద్రం నుంచి బయటికే పారితే, ఆ సముద్రం లోతుల్లో ఉప్పు ఎక్కడిది? – సమాధానం

బోస్ఫరస్ అంటే ఇస్తాంబుల్ దగ్గర నల్ల సముద్రాన్ని మర్మరా సముద్రంతో కలిపే ఇరుకు జలసంధి. దాని గురించి మీరు గీసిన చార్టులో నల్ల సముద్రం నుంచి బయటికి పోయే బాణం గుర్తు ఒక్కటే ఉంది, చిక్కంతా అక్కడే. ఆ జలసంధిలో ప్రవాహాలు రెండు, ఒకదాని మీద ఒకటి.

1. పై పొర మీరు గీసిందే. డాన్యూబ్ లాంటి నదులు మంచినీరు నింపడంతో నల్ల సముద్రం పైనీటిలో ఉప్పు కిలోకు 18 గ్రాముల దాకానే ఉంటుంది. ఆ తేలిక నీరు మర్మరా సముద్రం వైపు, దాని అవతలి మధ్యధరా వైపు పోతుంది.

2. చాలామంది వదిలేసేది కింది పొర. మధ్యధరా నీటిలో కిలోకు సుమారు 38 గ్రాముల ఉప్పు. బరువెక్కువ కాబట్టి అది అడుగు పట్టి ఎదురు దిశలో, నల్ల సముద్రంలోకి వెళ్తుంది. లోతుల్లోని ఉప్పు ఇదే! 1680 ప్రాంతంలో మార్సిలీ అనే ఇటలీ పరిశోధకుడు తెల్లరంగు బెండు ముక్కలు కట్టిన తాడుకు బరువు వేలాడదీసి దించాడు. పై ముక్కలు ఒకవైపు, లోతులోవి దానికి ఎదురుగా కొట్టుకుపోయాయి. అక్కడి జాలర్లకు ఈ సంగతి అప్పటికే తెలుసు.

3. కాబట్టి పైనుంచి చూసే మ్యాప్ వదిలేయండి. జలసంధిని నిలువుగా కోసినట్టు బొమ్మ గీసి, రెండు బాణాలు పెట్టండి.

4. ఈ రెండు పొరలూ సరిగా కలవవు. అందుకే పైనుంచి ఆక్సిజన్ కిందికి అందక, నల్ల సముద్రంలో సుమారు 200 మీటర్ల కింద అది ఉండదు.

5. మీ చార్టులోని "మనుషులు, జీవులు" కాలమ్‌లో ఇవి రాయండి: వసంతంలో ఉత్తరానికి, శరదృతువులో తిరిగి దక్షిణానికి ఈదే బొనిటో చేపలు, ఉక్రెయిన్ ధాన్యం ఓడలు, ఓడల రాకపోకలకు 1936 మాంట్రో ఒప్పందం.